సంత్రాగాఛి: జనజీవనం

సంత్రాగాఛి పశ్చిమ బెంగాల్‌లో హౌరా నగరపు పడమటి అంచున ఉన్న పాత నివాస ప్రాంతం. హుగ్లీ నదికి పడమటి ఒడ్డున, కోల్‌కతా మహానగర పరిధిలో ఉంది. హౌరా స్టేషన్ నుంచి ఖరగ్‌పూర్ వెళ్లే రైలుమార్గంలో సుమారు 7 కిలోమీటర్ల దూరాన ఉన్న జంక్షన్‌కు ఈ ఊరి పేరే పెట్టారు. విజయవాడ, విశాఖపట్నాల మీదుగా కోల్‌కతా వెళ్లే తెలుగు ప్రయాణికులు ఈ బోర్డు కనిపించగానే సామాన్లు సర్దుకుంటారు. స్టేషన్‌ను దాటిపోయినవారు లెక్కలేనంతమంది. ఊళ్లో అడుగుపెట్టినవారు కొద్దిమంది.

రైళ్లు, లారీలు, చలికాలపు వలస పక్షులు ఇక్కడికి వచ్చి వెళ్లిపోతాయి. పేటలు, చెరువులు, బడులు, నాలుగు నెలల రామపూజ, పేరుమోసిన కంద ఇక్కడే ఉండిపోతాయి. వచ్చిపోయే వాటికీ ఉండిపోయే వాటికీ మధ్య కుదిరిన సర్దుబాట్లు, ఇంకా కుదరని సర్దుబాట్లు ఇక్కడివారి బతుకును నడిపిస్తున్నాయి.

ఉనికి, వాతావరణం

ఇది గంగా డెల్టాలోని చదును నేల. కొండా గుట్టా లేవు. వాననీరు తానంతట తాను పారిపోవడానికి తగిన వాలు లేదు. అందుకే పూర్వం ప్రతి పేటలోనూ చెరువులు తవ్వుకున్నారు. బెంగాలీలు పుకుర్ అని పిలిచే ఈ చెరువులు స్నానానికీ చేపల పెంపకానికీ పనికొచ్చాయి. వానాకాలంలో పొంగిన నీటిని తమలో ఇముడ్చుకున్నాయి. చుట్టుపక్కల రామ్‌రాజతలా, జగాఛా, బక్సారా, బేతడ్, మౌరీగ్రామ్ వంటి పేటలున్నాయి. ఒక పేట ఎక్కడ ముగిసి మరొకటి ఎక్కడ మొదలవుతుందో కొత్తవారికి తెలియనంతగా ఇళ్లు కలిసిపోయాయి.

ఏప్రిల్, మే నెలల్లో ఉక్కపోత ఎక్కువ. సాయంత్రాలు ఉన్నట్టుండి ముంచుకొచ్చే కాలబైశాఖి గాలివాన కొంత సేద తీరుస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి రుతుపవనాలు. ఆ నెలల్లో లోతట్టు వీధుల్లో మోకాలి లోతు నీరు నిలవడం హౌరా అంతటా మామూలే. 2020 మే 20న వచ్చిన ఆంఫన్ తుపాను హౌరా, కోల్‌కతాల్లో వేల చెట్లను కూల్చి, అనేక పేటలను రోజుల తరబడి చీకట్లో ఉంచింది. డిసెంబరు, జనవరి నెలలు మాత్రం ఆహ్లాదంగా ఉంటాయి. పక్షులు, పిక్నిక్‌లు, ఖర్జూరపు బెల్లం, పిండివంటలు ఆ రోజులవి.

2011 జనాభా లెక్కల ప్రకారం హౌరా నగర జనాభా 10,77,075. హౌరా జిల్లా జనాభా 48,50,029. అప్పటికి జిల్లాలో చదరపు కిలోమీటరుకు 3,306 మంది నివసించేవారు. రాష్ట్రంలో కోల్‌కతా తర్వాత ఇంత కిక్కిరిసిన జిల్లా మరొకటి లేదు. వీధుల ఇరుకు, ఇంటి స్థలాల ధర, చెరువుల మీద ఒత్తిడి అన్నిటికీ మూలం ఇక్కడుంది.

చరిత్ర

కోల్‌కతా పుట్టకముందే ఈ ఒడ్డుకు వర్తక చరిత్ర ఉంది. సంత్రాగాఛికి సమీపంలోని బేతడ్ మధ్యయుగాల్లో పేరున్న రేవు. 15వ శతాబ్దం చివర విప్రదాస్ పిప్లాయ్ రాసిన మనసామంగళ కావ్యంలో దాని ప్రస్తావన ఉంది. 16వ శతాబ్దంలో పోర్చుగీసు వర్తకుల పెద్ద ఓడలు బేతడ్ దగ్గర లంగరు వేసేవి. అక్కడి నుంచి చిన్న పడవలు పైకి, సప్తగ్రామానికి సాగేవి. వెనిస్ యాత్రికుడు సీజర్ ఫ్రెడరిక్ తాను ఇక్కడ చూసినది రాసిపెట్టాడు: వర్తక కాలంలో గడ్డి ఇళ్లతో ఒక ఊరంత బజారు వెలిసేది, ఓడలు వెళ్లేటప్పుడు దాన్ని తగలబెట్టి పోయేవారు.

18వ శతాబ్దం తొలినాళ్లలో ఈస్టిండియా కంపెనీ మొగలు చక్రవర్తి ఫరూక్‌సియర్‌ను అడిగిన గ్రామాల్లో నదికి ఈవలి ఒడ్డున అయిదు ఉన్నాయి: సాల్కియా, హౌరా, కాసుందియా, రామకృష్ణపూర్, బేతడ్. నేటి హౌరా నగరం ఈ పల్లెల చుట్టూ పెరిగింది. సంత్రాగాఛి ఆ కాలంలో తోటలు, పొలాలు, చెరువుల పల్లె. చౌధురీ వంశపు జమీందార్లది ఇక్కడ పెత్తనం.

పల్లెను పట్టణం చేసింది రైలు. 1854లో హౌరా నుంచి తొలి రైలు హుగ్లీ వైపు నడిచింది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1900లో రూప్‌నారాయణ్ నదిపై వంతెన పూర్తిచేసి, ఖరగ్‌పూర్‌ను హౌరాతో కలిపింది. రాజమహేంద్రవరం దగ్గర గోదావరిపై హేవ్‌లాక్ వంతెన తెరిచిందీ అదే సంవత్సరం. తూర్పు తీరం పొడవునా కలకత్తా, మద్రాసు మహానగరాల మధ్య రైలుదారి అలా కుదిరింది. రోజూ కలకత్తా వెళ్లి గుమాస్తా ఉద్యోగం చేసి సాయంత్రానికి ఇల్లు చేరగలిగే వీలు కలగడంతో మధ్యతరగతి కుటుంబాలు ఈ వైపు ఇళ్లు కట్టుకున్నాయి. 1947 దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలు కూడా హౌరా శివార్లలో స్థిరపడ్డాయి. ఇక్కడ కేంద్ర ప్రభుత్వ ముద్రణాలయం, దాని సిబ్బంది కాలనీ ఏర్పడ్డాయి. దేశంలోని 17 ప్రభుత్వ ముద్రణాలయాలను 5 కేంద్రాలుగా కుదించాలని 2017లో కేంద్ర మంత్రివర్గం నిర్ణయించినప్పుడు, వేరే కేంద్రంలో విలీనం కావలసిన వాటిలో సంత్రాగాఛి ముద్రణాలయం కూడా చేరింది.

పాలన, పౌర సదుపాయాలు

సంత్రాగాఛి హౌరా నగరపాలక సంస్థ పరిధిలోకి వస్తుంది. హౌరా పురపాలక సంఘం 1862లో ఏర్పడింది; 1984లో నగరపాలక సంస్థ అయింది. 2013లో ఎన్నికైన పాలకమండలి గడువు 2018 డిసెంబరులో ముగిసింది. పొరుగునున్న బాలీ పురపాలక సంఘాన్ని హౌరాలో కలపడం, తిరిగి విడదీయడం మీద నడిచిన వివాదం మధ్య తర్వాతి ఎన్నికలు ఆగిపోయాయి. 2025 నాటికి కూడా అవి జరగలేదు. ఏడేళ్లు నగరం ప్రభుత్వం నియమించిన పాలకుల చేతుల్లోనే నడిచింది.

ఇది చిన్న విషయం కాదు. అమెరికాలో కొద్ది వేలమంది ఉన్న చిన్న పట్టణానికి కూడా సాధారణంగా సొంత మేయరు, సొంత మండలి ఉంటాయి. బడుల కోసం ఎన్నికైన బోర్డు ఉంటుంది. గుంటలు పడిన వీధి గురించి అడగడానికి అక్కడి పౌరుడికి ఒక తలుపు తెలుసు. సంత్రాగాఛిలో స్టేషన్, దాని పక్కన ఝీలు అని పిలిచే సరస్సు రైల్వేవి. కాలువలు, చెత్త నగరపాలక సంస్థవి. పెద్ద వంతెనలు, రహదారులు ప్రభుత్వ శాఖలవి. వార్డు సభ్యుడు కూడా లేనప్పుడు మురుగు పొంగిన ఇంటి యజమాని ఎవరి దగ్గరికి వెళ్లాలన్నది నిజమైన చిక్కు. ఆ లోటును కొంతవరకు పేటల్లోని క్లబ్బులు, పూజా కమిటీలు, స్థానిక రాజకీయ కార్యకర్తలు పూడుస్తున్నారు.

తాగునీటికి ఆధారం పద్మపుకుర్ నీటిశుద్ధి కేంద్రం. హుగ్లీ నీటిని శుద్ధిచేసి హౌరాలోని ఎక్కువ వార్డులకు గొట్టాల ద్వారా పంపుతారు. నగరపు చెత్త చేరే బేల్‌గాఛియా చెత్తగుట్ట 2025 మార్చిలో కుంగి, నేల బీటలు వారి, మంచినీటి గొట్టం పగిలింది. ఉత్తర హౌరాలో రోజుల పాటు నీటికి కటకట ఏర్పడింది. నీరు, చెత్త, మురుగు ఒకదానితో ఒకటి ఎంత ముడిపడి ఉన్నాయో నగరవాసులకు ఆ ఘటన చూపించింది.

రైలుతో ముడిపడిన దినచర్య

సంత్రాగాఛిలో రోజు లోకల్ రైళ్ల వేళలతో మొదలవుతుంది. హౌరా నుంచి టికియాపాడా, దాస్‌నగర్, రామ్‌రాజతలా దాటితే సంత్రాగాఛి. ఆ తర్వాత మౌరీగ్రామ్, ఆందుల్. ఈ జంక్షన్ నుంచి ఒక శాఖ షాలిమార్‌కు, మరొకటి ఆమ్తాకు వెళుతుంది. ఆమ్తా వైపు 1897 నుంచి మార్టిన్ కంపెనీ చిన్నరైలు నడిచింది; 1971 జనవరి 1న అది మూతపడింది. దాని మీద ఆధారపడిన పల్లెలు దశాబ్దాల తర్వాత గాని బ్రాడ్‌గేజ్ రైలును పూర్తిగా చూడలేదు.

పొద్దున్నే వెండర్ పెట్టెల్లో కూరగాయల బుట్టలు, పూల మూటలు, మిఠాయి దుకాణాలకు వెళ్లే ఛానా (విరిగిన పాల ముద్ద) డబ్బాలు దిగుతాయి. తొమ్మిది గంటలకల్లా ప్లాట్‌ఫారాలు ఉద్యోగులతో నిండుతాయి. డైలీ ప్యాసింజర్ అన్నది బెంగాల్‌లో ఒక సామాజిక వర్గమంత పేరు. ఏళ్ల తరబడి ఒకే రైల్లో, ఒకే పెట్టెలో ఎక్కేవారి మధ్య చుట్టరికం లాంటి స్నేహం పెరుగుతుంది. ఒకరు ముందుగా చేరి మిగతావారికి చోటు పడతారు. ఒళ్లో దినపత్రిక పరిచి ట్వంటీనైన్ పేకాట ఆడతారు. పిల్లల పరీక్షల నుంచి ఫుట్‌బాల్ దాకా అన్నీ మాట్లాడుకుంటారు.

హౌరాలో దిగాక లాంచీ, బస్సు, మెట్రో ఏదో ఒకటి పట్టుకుని అవతలి ఒడ్డుకు చేరాలి. 2024 మార్చిలో హౌరా మైదాన్ నుంచి ఎస్ప్లనేడ్ దాకా హుగ్లీ అడుగున మెట్రో మొదలైంది. నదిని దాటడానికి పట్టే సమయం నిమిషాల్లోకి తగ్గింది. 2025 ఆగస్టులో ఆ మార్గం సాల్ట్‌లేక్ సెక్టర్ ఫైవ్ వరకు కలిసింది. దాంతో ఐటీ కార్యాలయాల్లో పనిచేసే హౌరా యువతకు ఇంటి దగ్గరే ఉండి ఉద్యోగం చేసుకోవడం సులువైంది.

హౌరా స్టేషన్ మీద ఒత్తిడి తగ్గించడానికి దక్షిణ తూర్పు రైల్వే సంత్రాగాఛిని, షాలిమార్‌ను దూరపు రైళ్ల టెర్మినళ్లుగా పెంచుతూ వచ్చింది. బోగీల నిర్వహణ కేంద్రం కూడా సంత్రాగాఛిలో ఉంది. రైళ్లు పెరిగినంత వేగంగా నడిచే దారులు పెరగలేదు. 2018 అక్టోబరు 23 సాయంత్రం కొద్ది నిమిషాల తేడాలో అనేక రైళ్లు రావడంతో పాదచారుల వంతెనపై తొక్కిసలాట జరిగింది. ఇద్దరు మరణించారు, మరికొందరు గాయపడ్డారు. ఎక్కేవారు, దిగేవారు ఒకే ఇరుకు మెట్ల మీద ఎదురుపడటం ఆ ప్రమాదానికి మూలం. స్టేషన్‌కు ఎన్ని ప్లాట్‌ఫారాలు ఉన్నాయన్నది ఒక లెక్క. వాటిమీది మనిషి సురక్షితంగా బయటపడటానికి ఎంత వెడల్పు దారి ఉందన్నది అంతకన్నా ముఖ్యమైన లెక్క.

రోడ్డు, వంతెన, సచివాలయం

1992 అక్టోబరు 10న హుగ్లీ మీద విద్యాసాగర్ సేతు తెరుచుకుంది. 823 మీటర్ల పొడవున్న ఈ తీగల వంతెన వల్ల సంత్రాగాఛి ఒక్కసారిగా దక్షిణ కోల్‌కతాకు దగ్గరైంది. వంతెనను జాతీయ రహదారితో కలిపే కోనా ఎక్స్‌ప్రెస్‌వే ఈ ఊరి మీదుగానే వెళుతుంది. రైలుపట్టాలపై దానికి కట్టిన సంత్రాగాఛి వంతెన కోల్‌కతాకు పడమటి ద్వారం. 2022 నవంబరు, డిసెంబరులలో దాని అతుకులు మార్చడానికి రాకపోకలను పరిమితం చేసినప్పుడు హౌరా, కోల్‌కతాల ట్రాఫిక్ అంతా తలకిందులైంది.

ఎక్స్‌ప్రెస్‌వే పక్కనున్న బస్ టెర్మినస్ నుంచి జిల్లాలకు బస్సులు బయలుదేరతాయి. పేటల లోపల తిరగడానికి టోటో అనే బ్యాటరీ రిక్షాలు, సైకిళ్లు. 2013 అక్టోబరులో రాష్ట్ర సచివాలయం కోల్‌కతాలోని రైటర్స్ బిల్డింగ్ నుంచి హౌరాలోని నబాన్న భవనానికి మారింది. అప్పటి నుంచి సచివాలయం వైపు సాగే నిరసన ప్రదర్శనలకు సంత్రాగాఛి ఒక ముఖ్యమైన కూడలి అయింది. 2022 సెప్టెంబరులోనూ, 2024 ఆగస్టులోనూ ప్రదర్శకులను పోలీసులు ఇక్కడ అడ్డుకున్నారు. అలాంటి రోజుల్లో బడి పిల్లలు, రోగులు, కూలివాళ్లు ఇళ్లకు చేరడానికి గంటల పాటు అవస్థ పడతారు.

రద్దీకి పరిష్కారంగా కోనా ఎక్స్‌ప్రెస్‌వే మీదుగా 7.2 కిలోమీటర్ల పొడవున ఆరు వరుసల ఎలివేటెడ్ రహదారికి 2025 ఆగస్టు 22న ప్రధానమంత్రి శంకుస్థాపన చేశారు. అంచనా వ్యయం 1,200 కోట్ల రూపాయలకు పైనే.

ఉపాధి

సంత్రాగాఛి కుటుంబాల్లో ప్రభుత్వ, రైల్వే, బ్యాంకు ఉద్యోగాల సంప్రదాయం బలమైనది. దానికి తోడు హౌరా ఇంజనీరింగ్ పనిశాలలు. పోత పోసే ఫౌండ్రీలు, లేత్ యంత్రాలు, నట్లూ బోల్టులూ చేసే చిన్న షెడ్లు నగరమంతా ఉన్నాయి. ఒకప్పుడు ఈ నగరాన్ని తూర్పు దేశపు షెఫీల్డ్ అనేవారు. పొరుగునున్న దాస్‌నగర్ ఆలామోహన్ దాస్ అనే బెంగాలీ పారిశ్రామికవేత్త స్థాపించిన పారిశ్రామిక పేట. అక్కడి జనపనార మిల్లు, యంత్రాల కర్మాగారం ఎన్నో ఇళ్లకు అన్నం పెట్టాయి. 1960ల చివరి నుంచి మాంద్యం, సమ్మెలు, లాకౌట్లతో హౌరా పరిశ్రమ వెనకబడింది. మిగిలిన షెడ్లలో పనిమంతులు ఇప్పటికీ ఉన్నారు, కానీ వారి పిల్లలు ఎక్కువగా సేవారంగం వైపు చూస్తున్నారు.

హౌరా మంగళా హాట్‌లో దుస్తుల టోకు వ్యాపారం, డోమ్‌జూర్ వైపు బంగారు పని, పాంచ్‌లా వైపు జరీ పని, ధూలాగఢ్ దగ్గర గోదాములు, లారీ టెర్మినల్ చుట్టుపక్కల వారికి జీవనాధారాలు. స్టేషన్ దగ్గర టీ కొట్లు, లాడ్జీలు, భోజన హోటళ్లు, టోటో నడిపేవారు దూరపు రైళ్ల ప్రయాణికులను నమ్ముకుని ఉన్నారు.

చదువు, వైద్యం, ఆట

సంత్రాగాఛి కేదార్‌నాథ్ ఇన్‌స్టిట్యూషన్, భానుమతి బాలికా విద్యాలయ వంటి పాత బడులు ఇక్కడి తరాలను తీర్చిదిద్దాయి. ఉన్నత చదువులకు శిబ్‌పూర్ దగ్గరే ఉంది. 1856లో ఇంజనీరింగ్ కళాశాలగా మొదలై, 1880లో శిబ్‌పూర్‌కు మారిన సంస్థ 2014లో జాతీయ ప్రాముఖ్యం గల ఐఐఈఎస్‌టీ అయింది. బడి అయ్యాక ట్యూషన్, ఆదివారం బొమ్మల క్లాసు, రవీంద్ర సంగీతం పాఠం పిల్లల వారపు కార్యక్రమంలో తప్పనిసరి భాగాలు.

శిబ్‌పూర్‌లోని ఆచార్య జగదీశ్‌చంద్ర బోస్ వృక్షోద్యానం 1787లో ఏర్పడింది. వేలాది ఊడలతో ఒక చిన్న అడవిలా కనిపించే మహా మర్రి అక్కడిదే. కాకినాడ దగ్గరి సామర్లకోటలో తోట పెంచి, కోరమండల్ తీరపు మొక్కలను పరిశీలించిన విలియం రాక్స్‌బర్గ్ 1793లో ఈ ఉద్యానానికి అధిపతిగా వచ్చాడు. గోదావరి సీమలో అతడు నేర్చుకున్న విద్య హుగ్లీ ఒడ్డున భారతీయ వృక్షశాస్త్రానికి పునాది అయింది.

చిన్న జబ్బులకు పేటలోని డాక్టరు, హోమియోపతి. పెద్ద వాటికి హౌరా, కోల్‌కతా ఆసుపత్రులు. రైల్వే కుటుంబాలకు కోల్‌కతాలోని గార్డెన్‌రీచ్‌లో కేంద్ర ఆసుపత్రి ఉంది. కష్టమైన రోగాలకు వెల్లూరు, చెన్నై, హైదరాబాద్ వెళ్లడం బెంగాలీ కుటుంబాల్లో పాత అలవాటు. దక్షిణాదికి వెళ్లే రైళ్లలో వైద్య నివేదికల సంచులతో కనిపించేవారు అందుకే ఎక్కువ.

సాయంత్రం మైదానాలన్నీ ఫుట్‌బాల్‌వే. 1951 ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచిన భారత జట్టు నాయకుడు శైలేన్ మన్నా హౌరాలోని బ్యాంట్రాలో పుట్టినవాడు. ఆ జట్టుకు శిక్షణ ఇచ్చింది హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం. హౌరా కాళ్లు, హైదరాబాద్ ఆలోచన కలిసి దేశానికి ఆ పతకం తెచ్చాయి.

పాడాలు, పండుగలు

బెంగాలీలకు పాడా అంటే తామున్న వీధి, తెలిసిన ముఖాలు, ఆపదలో తలుపు తట్టగల ఇళ్లు. ఇంటి ముందు అరుగు, టీ కొట్టు బల్ల, క్లబ్బు గది సాయంత్రపు అడ్డాకు, అంటే పిచ్చాపాటీకి, చోట్లు. రక్తదాన శిబిరం పెట్టేదీ, అర్ధరాత్రి రోగిని ఆసుపత్రికి తీసుకెళ్లేదీ, పూజ పందిరి వేసేదీ క్లబ్బు కుర్రాళ్లే.

దుర్గాపూజ, కాళీపూజ, సరస్వతీపూజ అంతటా ఉన్నవే. ఈ ప్రాంతానికి ప్రత్యేకమైనది రామ్‌రాజతలాలోని రామపూజ. సంత్రాగాఛి జమీందారు అయోధ్యారామ్ చౌధురీ దీన్ని ప్రారంభించారని చెబుతారు. అప్పటిదాకా ఇక్కడ సరస్వతీపూజే పెద్ద ఉమ్మడి పండుగ. రెండు వర్గాల మధ్య వాదం వచ్చి, చివరికి ఒక ఒప్పందం కుదిరింది: రాముడి విగ్రహం పని సరస్వతీపూజ నాడు మొదలుపెట్టాలి, విగ్రహ సమూహంలో సరస్వతిని పైన నిలపాలి. ఆ ఏర్పాటు ఇప్పటికీ సాగుతోంది. శ్రీరామనవమికి మొదలైన పూజ శ్రావణంలో చివరి ఆదివారం ఊరేగింపు, నిమజ్జనంతో ముగుస్తుంది. దాదాపు నాలుగు నెలలు జాతర నడుస్తుంది. భద్రాద్రి రాముడికి అలవాటుపడ్డ తెలుగు కళ్లకు ఇక్కడ మీసాలతో, ఆకుపచ్చ మేనితో, పరివారమంతటితో కొలువుదీరిన రాముడు కొత్తగా కనిపిస్తాడు. ఒక ఊరు తన గొడవను పండుగలోనే ఇలా పరిష్కరించుకుని, తరాలుగా ఆ మాట నిలబెట్టుకోవడం గౌరవించదగ్గ విషయం.

కంద, భోజనం

బెంగాల్ వంటిళ్లలో సంత్రాగాఛి పేరు వినగానే ముందు గుర్తొచ్చేది ఓల్, అంటే కంద. సంత్రాగాఛి కంద గొంతు దురద పెట్టదని ప్రసిద్ధి. కందలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు దురదకు కారణం. రకాన్ని బట్టి, నేలను బట్టి అవి ఎక్కువ తక్కువలుగా ఉంటాయి. ఉడికించిన కందను ఆవనూనె, ఆవముద్ద, పచ్చిమిర్చితో మెదిపి అన్నంలో కలుపుకుంటారు. రొయ్యలతో కలిపి కూర వండుతారు. గోదావరి జిల్లాల కంద బచ్చలి కూరకు ఆవ పెట్టేవారికి ఈ రుచి పరాయిది కాదు. అధిక దిగుబడికి పేరున్న, దురద లేని గజేంద్ర రకం కొవ్వూరు ప్రాంతపు స్థానిక కంద నుంచి ఎంపిక చేసినదే. పొలాలు ఇళ్ల స్థలాలయ్యాక కూడా సంతల్లో సంత్రాగాఛి పేరు చెప్పి కంద అమ్ముతూనే ఉన్నారు.

రోజువారీ భోజనం అన్నం, పప్పు, కూర, చేప. పొద్దున కచోరీ, జిలేబీ. సాయంత్రం మరమరాలు, చాప్, టీ. మధ్యతరగతి పళ్లెంలోని రూయ్, కాట్లా ముక్క తరచుగా ఆంధ్ర చెరువులదే. భీమవరం, ఆకివీడు, కైకలూరు నుంచి మంచు పెట్టెల్లో లారీల మీద హౌరా టోకు చేపల మార్కెట్‌కు చేరే చేప ఇక్కడి ధరలను నిర్ణయిస్తుంది.

ఝీలు, పక్షులు

స్టేషన్ పక్కనే 30 ఎకరాలకు పైబడిన పెద్ద సరస్సు ఉంది. ఇది రైల్వే సొత్తు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వేలాది నీటిబాతులు ఇక్కడ విడిది చేస్తాయి. ఎక్కువగా కనిపించేది ఈల వేసినట్టు కూసే చిన్న బాతు. బెంగాలీలు దాన్ని సరాల్ అంటారు. గాడ్వాల్, సూదితోక బాతు, గార్గనీ, వెడల్పు ముక్కు షవలర్ వంటివి హిమాలయాల ఆవలి నుంచి మధ్య ఆసియా వలస మార్గంలో వస్తాయి. సరాల్ బాతులు పగలంతా గుర్రపుడెక్క దిబ్బల మీద నిద్రపోయి, రాత్రి పొలాల్లో మేతకు వెళతాయి. రైళ్ల రొద వాటిని చెదరగొట్టదు.

గుర్రపుడెక్క ఇక్కడ శత్రువూ మిత్రుడూ. పూర్తిగా కమ్మేస్తే పక్షికి నీరు కనిపించదు. పూర్తిగా తీసేస్తే కూర్చోవడానికి చోటు ఉండదు. అందుకే ఏటా చలికాలానికి ముందు స్వచ్ఛంద సంస్థలు, ప్రభుత్వ విభాగాలు కలిసి కలుపు తీసి, కొంత భాగాన్ని చిన్న దీవులుగా వదులుతాయి. ప్రకృతి సంసద్ వంటి సంస్థల పరిశీలకులు జనవరిలో పక్షులను లెక్కిస్తారు.

గట్టు చుట్టూ ఉన్న ఇళ్ల మురుగు, ప్లాస్టిక్ చెత్త సరస్సులోకి చేరడంపై పర్యావరణవేత్త సుభాష్ దత్తా జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లారు. మురుగును ఆపి, శుద్ధి కేంద్రం కట్టాలని ట్రైబ్యునల్ ఆదేశించింది. స్థలం ఎవరివ్వాలి, ఖర్చు ఎవరు భరించాలి, గట్టు మీది ఆక్రమణలను ఎవరు తొలగించాలి అన్న వాదనల్లో రైల్వే, రాష్ట్రం, నగరపాలక సంస్థల మధ్య పని ఏళ్ల తరబడి సాగింది. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో వలస పక్షులను ఊరివారు ఇంటి ఆడపిల్లల్లా చూసుకుంటారు. సంత్రాగాఛి గట్టున ఉన్న పేదలకు కూడా పక్షుల మీద పగ లేదు. వారికి మరుగుదొడ్డి, మురుగుకాలువ, చెత్తబండి ఇస్తే సరస్సు సగం బాగుపడుతుంది.

తెలుగువారితో అనుబంధం

వాల్తేరు డివిజన్ 2003లో తూర్పు కోస్తా రైల్వేలోకి మారేదాకా విశాఖపట్నం, సంత్రాగాఛి ఒకే దక్షిణ తూర్పు రైల్వేలో ఉండేవి. ప్రధాన కార్యాలయం గార్డెన్‌రీచ్. బదిలీలు, పరీక్షలు, పదోన్నతుల కోసం ఉత్తరాంధ్ర రైల్వే కుటుంబాలు దశాబ్దాల పాటు ఈ దారిలో తిరిగాయి. అంతకు ముందే గంజాం, విశాఖ జిల్లాల నుంచి కూలీలు హుగ్లీ ఒడ్డు జనపనార మిల్లులకు వలస వచ్చారు. ఖరగ్‌పూర్‌లో రైల్వే వర్క్‌షాపు చుట్టూ పెద్ద తెలుగు సమాజం ఏర్పడింది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఆ సమాజమే కారణం.

1977 మార్చి 6న మొదలైన కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ఈ అనుబంధానికి ముఖ్యమైన వాహనం. హౌరా నుంచి షాలిమార్‌కు మారాక దానికి సంత్రాగాఛి తొలి ఆగే చోటు. 2023 జూన్ 2న బాలాసోర్ జిల్లా బాహానగా బజార్ దగ్గర ఆ రైలు ప్రమాదానికి గురై, 290 మందికి పైగా చనిపోయారు. పని వెతుక్కుంటూ దక్షిణాదికి బయలుదేరిన బెంగాల్ కూలీలు మృతుల్లో ఎందరో ఉన్నారు. కోల్‌కతా నుంచి చెన్నై వెళ్లే 16వ నంబరు జాతీయ రహదారి కూడా హౌరా జిల్లా మీదుగా సాగి, ఇచ్ఛాపురం నుంచి తడ దాకా ఆంధ్ర తీరమంతా తాకుతుంది.

ముందున్న పని

సంత్రాగాఛిలో ఇల్లు కొనేవారు పెరుగుతున్నారు. పాత పెంకుటిళ్లు, తోటలు పోయి అపార్టుమెంట్లు లేస్తున్నాయి, చెరువులు పూడుతున్నాయి. చెరువు పూడిన ప్రతిచోటా మరుసటి వానకు వీధి చెరువవుతోంది. నిలిచిన నీటితో డెంగీ, రద్దీతో పొగ, హారన్ల రొద నిత్య సమస్యలు. అయినా ఊరు విడిచి పోవాలనుకునేవారు తక్కువ. కోల్‌కతా ఉద్యోగం, సొంత పాడా రెండూ దక్కే చోటు ఇది.

ఎలివేటెడ్ రహదారి, విస్తరించిన టెర్మినల్ దాటిపోయేవారికి మేలు చేస్తాయి. వాటితోపాటే ఇక్కడ ఉండేవారికి నాలుగు పనులు జరగాలి: ఎన్నికైన నగర పాలకమండలి, స్టేషన్‌లో విశాలమైన నడకదారులు, ఝీలులో మురుగు పడకుండా శాశ్వత ఏర్పాటు, మిగిలిన చెరువులకు చట్టబద్ధమైన రక్షణ. ఇవి లేకుండా వచ్చే అభివృద్ధి సంత్రాగాఛి మీదుగా పోతుంది గాని సంత్రాగాఛికి అందదు.